దారాలు కత్తిరించిన చెయ్యి

షెడ్డు ముందు కారు ఆగిన చప్పుడులోనే కోపం వినిపించింది. పశువుల డాక్టరమ్మ దిగి, కారు తలుపు కూడా వెయ్యకుండా లోపలికొచ్చి, తాళంచెవి తీసి పనిబల్ల మీదకు విసిరికొట్టింది. అది జారి నట్ల డబ్బాలో పడింది.

"నన్ను చంపేద్దామనుకున్నారా మీరు?"

ఆవిడ ఏదో ఆవు ఈనలేక అవస్థపడుతోందని కబురొస్తే బయల్దేరిందట. ముందు కలప లారీ అడ్డంగా పోతోంది. ఎదురుగా దారి ఖాళీగా కనిపిస్తే పక్కకు తీసి, యాక్సిలరేటర్ తొక్కింది. కారు ఒక్క ఊపున లేచి, సరిగ్గా లారీ పక్కకొచ్చేసరికి ఊపిరి బిగబట్టేసింది. ఎంత తొక్కినా ఉలుకూ పలుకూ లేదు. అంతలో ఎదురుగా మలుపులోంచి బస్సు వచ్చింది. లారీ డ్రైవరు పుణ్యాత్ముడు, బ్రేకు మీద నిలబడి సందు ఇచ్చాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి ఆవిడ పోయిందని ఎవరో కబురు పంపుతూ ఉండేవారు.

"నాన్న ఇచ్చిన కారని ప్రాణంలా చూసుకుంటున్నాను. బాగుచెయ్యమని మీ చేతుల్లో పెట్టాను. ఎవరు బిగించారు ఈ ఇంజిన్?"

షెడ్డులో ఉన్నది అన్నాచెల్లెళ్లు ఇద్దరే. చెల్లెలు నోరు తెరిచేలోపే అన్న గుడ్డకు చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు.

"మా చెల్లి మేడమ్. ఇంకా నేర్చుకుంటోంది. చిన్నపిల్ల, ఎక్కడో పొరపాటు పడి ఉంటుంది. నేను చూస్తాగా, మీరు కూర్చోండి."

చిన్నపిల్లట! ముప్పై దాటిన మనిషి, కణతల దగ్గర నెరుస్తున్న మనిషి. తండ్రి బతికుండగానే ఇంజిన్‌ను విప్పి మళ్లీ నిలబెట్టిన మనిషి చిన్నపిల్ల! పనిలో సగానికి పైగా ఆమె చేస్తుంది. బానెట్ మూసి, కస్టమరు ముందు నిలబడి, నవ్వుతూ తాళంచెవి అందించేది మాత్రం ఆయనగారు. అదీ చాలక ఇప్పుడు తప్పు కూడా ఆమె నెత్తిన రుద్దాడు, అదీ పరాయి మనిషి ముందు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. కాదనబోయి ఆగింది. ఎందుకంటే ఆ క్షణంలో ఆమెకు కూడా అనుమానం వచ్చింది: నిజంగా తనే తప్పు చేసిందా?

డాక్టరమ్మ ఆటో పిలిపించుకుని వెళ్లిపోయింది. పోతూపోతూ చెల్లెలి వంక చూసిన చూపు మాత్రం షెడ్డులోనే ఉండిపోయింది.

ఇలాంటి టర్బో కార్లు ఊళ్లో కొద్ది మంది దగ్గరే ఉన్నాయి. ఆ కొద్ది మందీ ఒకరికొకరు తెలుసు. 'ఆ అమ్మాయి చేతిలో పెడితే నడిరోడ్డు మీద చస్తారు' అని డాక్టరమ్మ ఒక్క మాట అంటే చాలు, ఇక ఈమె ముట్టుకోవడానికి ఇంజిన్ దొరకదు. నట్లు తుడుచుకుంటూ, అన్నకు టీ పెట్టి ఇచ్చుకుంటూ బతకాలి. అది తలుచుకుంటే ఆమెకు ఏడుపు రాలేదు, అరికాలి మంట నెత్తికెక్కింది.

బానెట్ ఎత్తింది.

ఈ ఇంజిన్ సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఆమె కోపం మీకు అర్థం కాదు. టర్బో అంటే భూతమేం కాదు. ఇంజిన్ వదిలే పొగ ఒక ఫ్యాన్‌ను తిప్పుతుంది. ఆ ఫ్యాన్ ఇరుసుకే రెండో కొసన ఉన్న ఇంకో ఫ్యాను బయటి గాలిని ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బండి ఎక్కువ లాగుతుంది. చిక్కేమిటంటే, పెద్ద టర్బో పెడితే అది బద్ధకం మనిషి. బండి నెమ్మదిగా ఉన్నప్పుడు వచ్చే కాస్త పొగకు అది కదలదు. చిన్నది పెడితే ఇట్టే లేచి తిరుగుతుంది గాని, వేగం పెరిగాక దానికి ఆయాసం. అందుకని ఈ ఇంజిన్‌లో రెండూ పెట్టి, వంతులు వేశారు. మొదట పొగంతా చిన్నదానికే పోతుంది, పెద్దదాని తలుపు మూసి ఉంటుంది. వేగం పెరిగాక ఆ తలుపు తెరుచుకుంటుంది, అప్పటినుంచి రెండూ కలిసి ఊదుతాయి.

కిటుకంతా ఆ మధ్యలో ఉంది. తలుపు తెరవడానికి ముందే ఒక చిన్న కిటికీ తెరిచి, పెద్ద టర్బో మీదకు కాస్త పొగ వదులుతారు. నిద్రపోయేవాణ్ణి ముందే లేపి ముఖం కడిగించినట్టు అది తిరగడం మొదలుపెట్టి సిద్ధంగా ఉంటుంది. ఆ కిటికీ తెరుచుకోలేదనుకోండి, తలుపు తెరవగానే పొగలో సగం కదలకుండా పడున్న ఫ్యాన్ మీదకు పోతుంది. చిన్నదాని వాటా తగ్గిపోతుంది, పెద్దది ఇంకా లేవదు, ఇంజిన్ ఊపిరాడక నిలబడుతుంది. ఎంతసేపు? ఒక బస్సు ఎదురు రావడానికి సరిపోయేంతసేపు. ఆ కిటికీని తెరిచేది పెన్సిలంత లావు రబ్బరు గొట్టం ఒకటి.

అలాంటి గొట్టాలు ఈ ఇంజిన్ నిండా ఉంటాయి, అన్నీ నల్లగా, అన్నీ ఒకేలా. అందుకే ఆమెకో పద్ధతి ఉంది. అమ్మ కుట్టు డబ్బాలోంచి రంగు దారాలు తెచ్చుకుని, గొట్టం ఊడదీసే ముందే దాని కొసకు ఒక రంగు, అది ఎక్కే ఇనుప ముక్కుకు అదే రంగు కట్టేస్తుంది. ఎర్రది ఎర్రదానికి, పసుపు పసుపుకి. స్పేర్ పార్టుల కొట్టువాళ్లు ఇది చూసి ఆమెకు గొట్టాలమ్మ అని పేరు పెట్టారు. పెట్టనీ, ఆమెకేం బాధలేదు. అన్నకు తొందర్రావు అని పేరు పెట్టింది మాత్రం తండ్రే. స్పానరు నట్టు మీద కూర్చోకముందే తిప్పేస్తాడని.

కిటికీ గొట్టానికి తను కట్టింది ఆకుపచ్చ దారం. ఆమె లైటు పట్టుకుని వెతికింది. ఆకుపచ్చది లేదు. ఎర్రది లేదు. పసుపు లేదు. ఇంజిన్ అద్దంలా మెరుస్తోంది, ఒక్క దారం లేదు. కిటికీ గొట్టం ఎదురుగా చేతికందే చోట, లోపల ఎప్పుడో మూసేసిన ఒక ఉత్త ముక్కుకు తగిలించి ఉంది. అసలు ముక్కు టర్బో వెనక, కింద ఉంటుంది. మోచేతిదాకా చెయ్యి దూర్చి, కళ్లతో కాదు వేళ్లతో వెతుక్కోవాలి.

గుండెల మీంచి బండ దిగినట్టయింది ముందు. తప్పు తనది కాదు. ఆ తర్వాత ఒళ్లు మండిపోయింది.

"అన్నయ్యా! దారాలేవి?"

"ఏ దారాలు?"

"నా దారాలు. ఈ ఇంజిన్‌లో కట్టినవి."

"ఓ, అవా." తొందర్రావు తల కూడా ఎత్తలేదు. "నువ్వు సామాన్లకు వెళ్లినప్పుడు ఇంజిన్ కడిగాను, కత్తిరించేశాను. ఇంజిన్‌కి రిబ్బన్లేంటే, బడికి పంపిస్తున్నామా? బండి ఇచ్చేటప్పుడు బానెట్ తీస్తే తళతళలాడాలి. ఆవిడ మురిసిపోయింది తెలుసా?"

"గొట్టాలు కూడా ఊడదీశావా?"

"కడగాలంటే ఊడదియ్యనా? ఒకటో రెండో తీశాను, దొరికిన చోట పెట్టాను. ఏది దేనికో నాకేం తెలుసే? ఆ చిక్కంతా నీదేగా."

"నేను బిగించి, రోడ్డు మీద నడిపి, బాగుందని చూసిన బండిని నువ్వు విప్పి, నాకొక్క మాట చెప్పకుండా ఇచ్చేశావా? పైగా ఆవిడ ముందు నన్ను చిన్నపిల్లని అన్నావా?"

"ఆ టైములో నోటికొచ్చింది అన్నాను. ఇప్పుడేమైంది? సరిచేసెయ్."

గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయం. అయినా ఆమె కోపం ఒక మెట్టు దిగింది. తెలియక చేశాడు. తెలియనివాణ్ణి తిట్టగలం, కొట్టగలం, చివరికి తోడబుట్టినవాడని ఊరుకోగలం.

"సరిచేస్తాను. కానీ ఆవిడకు నువ్వే చెప్పాలి, నీ నోటితో. గొట్టం మార్చింది నేనే అని."

"చెప్తాలే."

"చెప్తాలే కాదు. చెప్పాలి."

"అబ్బ, చెప్తానన్నాగా!"

మర్నాడు డాక్టరమ్మ వచ్చింది. చెల్లెలి కళ్లు అన్న మీదే ఉన్నాయి. అతను చిరునవ్వుతో ఎదురెళ్లాడు.

"రండి మేడమ్. బండి రెడీ. చెల్లి రాత్రంతా మనసు కష్టపెట్టుకుంది పాపం. తప్పు తెలుసుకుని సరిచేసేసింది. ఈసారికి క్షమించెయ్యండి."

నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి అన్నాడా మాట. చెల్లెలి వైపు తిరిగి కన్ను కూడా గీటాడు, ఇద్దరికీ మేలు చేస్తున్నట్టు.

డాక్టరమ్మ తాళంచెవి అందుకోలేదు. "చూడమ్మాయ్, నీ మీద నాకు పగేం లేదు. కానీ నువ్వు చేసిన బండి నేను మళ్లీ ఎక్కలేను. మీ అన్నయ్య స్వయంగా చూసి, ఆయన చేత్తో బిగిస్తేనే తీసుకెళ్తాను."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదేమో, అన్న భయపడేవాడు కాదు. చెల్లెలు కేకలు వెయ్యకుండా బానెట్ ఎత్తడం చూసి అతని నవ్వు కాస్త వాడింది.

"మంచిది మేడమ్. మా అన్నయ్య చేత్తోనే బిగిద్దాం. ముందు మీరు ఆ రోజు తీసుకెళ్లినప్పుడు ఎలా ఉందో చూడండి." కింది ముక్కు నుంచి గొట్టం లాగి, ఎదురుగా ఉన్న ఉత్త ముక్కుకు తగిలించింది. "నడపండి. గోడౌన్ల వెనక రోడ్డు ఖాళీగా ఉంటుంది. అన్నయ్యా, నువ్వూ ఎక్కు."

"ఇప్పుడెందుకే ఇవన్నీ, మేడమ్‌కి పనుంటుంది..."

"నాకేం పనిలేదు," అంది డాక్టరమ్మ.

గోడౌన్ల వెనక రోడ్డు మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా కుక్క కూడా లేదు. డాక్టరమ్మ తొక్కింది. చిన్న టర్బో లేచింది, కారు వీపులో తోసినట్టు ముందుకు పోయింది, వేగం అందుకుంటుండగా ఠక్కున ఊపిరి ఆగింది. మళ్లీ బలం పుంజుకునేలోపే బ్రేకు తొక్కి, బండి పక్కకు తీసి ఆపేసింది.

"ఇదే. ఇలాగే అయింది."

ముగ్గురూ దిగారు. చెల్లెలు బానెట్ ఎత్తి, గొట్టాన్ని ఉత్త ముక్కు నుంచి ఊడబెరికి, వేలాడుతున్న కొసను అన్నకు చూపించింది. ఆమె లెక్క ఒకటే: వాడు నల్లటి గొట్టాల గుంపు వంక వెర్రి మొహం వేసుకుని చూస్తాడు, ఎక్కడ పెట్టాలో తెలియక నీళ్లు నములుతాడు, ఎవరి చేతి పని ఏమిటో డాక్టరమ్మకే అర్థమవుతుంది.

"పెట్టన్నయ్యా. ఎక్కడ ఉండాలో అక్కడ పెట్టు. మేడమ్ నీ చేత్తోనే బిగించమంటున్నారు."

తొందర్రావుకు ఈ గొడవ ఎంత త్వరగా ముగిస్తే అంత మంచిదనిపించింది. జేబులోంచి గుడ్డ తీసి చేతికి చుట్టుకున్నాడు. గొట్టం కొస పట్టుకుని, కనీసం వంగైనా చూడకుండా, రోడ్డు వంక చూస్తూ టర్బో వెనక్కి మోచేతిదాకా చెయ్యి దూర్చాడు. వేళ్లతో తడిమాడు, తోశాడు, క్లిప్పు ఎక్కించాడు. చెయ్యి బయటికి తీసి గుడ్డ దులిపాడు.

"అయిపోయింది. పదండి."

ఎవరూ కదల్లేదు.

తను ఏం చేశాడో అతనికి కాస్త ఆలస్యంగా తట్టింది. చెల్లెలి మొహం చూశాక తట్టింది.

"నీకు తెలుసు," అందామె.

"అదేంటంటే..."

"చూడకుండా పెట్టావు. ఏది ఎక్కడుండాలో నీకు ముందునుంచీ తెలుసు."

"ఆ రోజు ఇంజిన్ కాలిపోతోందే. చెయ్యి దూరలేదు. మేడమ్ వచ్చే టైమైంది. ఒక్క గొట్టమేగా, ఏమవుతుందిలే, మళ్లీ సర్వీసుకొచ్చినప్పుడు చూద్దామనుకున్నా..."

"మేడమ్ వచ్చి బస్సు సంగతి చెప్పినప్పుడు? అప్పుడూ తెలుసు. నేను తప్పు చేశానేమోనని బానెట్‌లో తల పెట్టి వెతుక్కుంటుంటే పక్కనే నిలబడి ఉన్నావు. అప్పుడూ తెలుసు. ఇందాక నా తరఫున క్షమాపణ అడిగినప్పుడూ తెలుసు!"

తొందర్రావు గుడ్డను మళ్లీ జేబులో కుక్కుకున్నాడు. తెలియక చేశాడని నిన్న వదిలేసిన కోపమంతా ఆమె గొంతులోకి తిరిగొచ్చింది, రెట్టింపై. అన్న మీద అంత అసహ్యం వేస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

డాక్టరమ్మ అతని వంక చాలాసేపు చూసింది, జబ్బు ఎక్కడుందో దొరికిన తర్వాత చూసినట్టు. తాళంచెవి తీసి చెల్లెలి చేతికి అందించింది.

"నువ్వు నడుపమ్మా. నేను పక్కన కూర్చుంటాను."

ఆమె వంగి, టర్బో వెనక్కి చెయ్యి దూర్చి, అన్న పెట్టిన క్లిప్పును వేళ్లతో ఒకసారి లాగి చూసుకుంది. గట్టిగానే ఉంది. బానెట్ దించి డ్రైవరు సీట్లో కూర్చుంది. వెనక తలుపు పిడి మీద అన్న చెయ్యి పడింది. లోపలినుంచి ఆమె లాక్ నొక్కింది. అద్దం కొంచెం దించింది.

"నువ్వు నడిచి రా అన్నయ్యా," అంది. "తొందరేం లేదు."