దొర బరువు

సోఫా మీంచి కుక్కపిల్ల దొర కిందికి దూకింది. రోజూ దూకే ఎత్తే. ఈసారి నేల తాకగానే ముందుకాలు పుల్లలా విరిగింది.

గంట తిరిగేసరికి ఇంటిల్లిపాదీ పశువుల ఆసుపత్రిలో ఉన్నారు. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును దీపానికి ఎదురుగా పట్టుకుని చూసింది.

"ఎముక తెల్లగా కనపడాలి. ఇక్కడ కండేదో ఎముకేదో తెలియట్లేదు. ఉల్లిపొరలా ఉంది. రెండో కాలు కూడా వంగుతోంది, చూశారా? ఎనిమిది నెలల పిల్ల ఇది. దీన్ని ఎవరు పస్తులు పెడుతున్నారు?"

ఎదురుగా ముగ్గురు. మామగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. కొడుకు లిఫ్టు మెకానిక్. కోడలు ఇంట్లోనే మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది.

"పస్తులేంటమ్మా? మా ఇంట్లో మాకంటే ముందు తినేది వాడే," అన్నాడు మామగారు.

"అలాగైతే మీ ఇంట్లో ఎవరూ తినడం లేదన్నమాట."

కొడుకు నవ్వబోయి మానుకున్నాడు. కోడలు చీరకొంగుతో మెడ తుడుచుకుంది. ఆమెకు ఒక దొంగ ఎవరో తెలుసు. తనే. కానీ తను చేసినదానికి ఎముక ఉల్లిపొర కాదు. ఆ మాత్రం లెక్క ఆమెకు తెలుసు.

అంటే, ఇంకెవరో ఉన్నారు.

* * *

దొర ఆ ఇంటికి వచ్చింది మామగారి కోసం.

అత్తగారు పోయాక ఆయన గదిలోంచి బయటికి రావడం మానేశాడు. గడ్డం గీయడు, పేపరు విప్పడు. టిఫిను లోపలికి వెళ్ళేది, సగం మిగిలి బయటికి వచ్చేది. ఒకరోజు కొడుకు పనిచేస్తున్న షాపింగ్ కాంప్లెక్సులో, జనరేటరు వెనక, తల్లిలేని గోధుమరంగు కుక్కపిల్ల దొరికింది. సంచిలో వేసుకొచ్చి తండ్రి మంచం మీద వదిలాడు. అది నేరుగా వెళ్ళి ఆయన దిండు మీద ఉచ్చ పోసింది.

"ఒరేయ్! వచ్చీరాగానే దర్జా చూడు. దొరగారనుకుంటున్నాడు!"

ఆరు నెలల్లో ఆయన అరిచిన మొదటి అరుపు అది. కోడలు వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మర్నాటి నుంచి ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుని, దొరను తీసుకుని మూడంతస్తుల మెట్లు దిగడం మొదలుపెట్టాడు. ఊళ్ళో అందరి లిఫ్టులూ బాగుచేసే కొడుకు ఉండే ఫ్లాట్లకు లిఫ్టు లేదు. ఆ సంగతి మీద ఆయన వేసిన జోకులు కింద వాచ్‌మన్‌కి కూడా కంఠతా వచ్చేశాయి.

చిక్కల్లా ఫ్లాట్ల కమిటీతో వచ్చింది. కుక్కను పెంచుకోవచ్చు, కానీ పదిహేను కిలోలు దాటకూడదు. అంతకు ముందు ఎవరిదో పెద్ద కుక్క మెట్ల మీద ఒక పిల్లాణ్ణి పడగొట్టిందట. ఏడాది నిండిన రోజున కింద అందరి ఎదుటా తూకం వేస్తారు. దాటితే పంపించేయాలి.

నాలుగో నెలలో ముగ్గురూ దొరను టీకాకు తీసుకెళ్ళారు.

"ఎంత పెరుగుతాడంటారు?" కొడుకు మామూలుగా అడిగినట్టు అడిగాడు.

డాక్టరమ్మ దొర ముందుకాళ్ళు పట్టుకుని చూసింది. తూకం మీద నిలబెట్టింది. తొమ్మిది కిలోలు.

"తల్లీతండ్రీ ఎవరో తెలిస్తే గట్టిగా చెప్పొచ్చు. తెలియదు కాబట్టి సుమారు లెక్కే. ఇలాంటి మధ్యరకం వాటికి నాలుగో నెల బరువును రెట్టింపు చేసి ఇంకాస్త వేసుకోండి. ఇరవైకి అటూ ఇటూ. పాదాలు చూడండి, వాళ్ళ నాన్న చెప్పులు వేసుకొచ్చినట్టున్నాడు."

ముగ్గురూ నవ్వారు.

"కుక్కపిల్లల గింజల మేతే పెట్టండి, ఏడాది దాకా. రోజుకు మూడుపూటలు. ఈ ఖనిజాల పొడి కలపండి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు. అదే మీకు కొలత. మరీ లావెక్కించొద్దు, మరీ ఎండగట్టొద్దు."

తిరిగి వస్తూ బస్సులో ముగ్గురూ ఎండల గురించి మాట్లాడుకున్నారు. ఇరవై అన్న మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ ఇంటి పద్ధతే అంత. చెడ్డమాట పైకి అనరు. అత్తగారికి ఇక రోజులు లేవని డాక్టర్లు ముగ్గురికీ విడివిడిగా చెప్పారు. ముగ్గురూ మిగతా ఇద్దరి దగ్గరా దాచారు. చివరి వారం దాకా వచ్చే ఏడాది ఎక్కడికి వెళ్ళాలో మాట్లాడుకుంటూ గడిపారు. ఒకరి బాధ ఇంకొకరికి పంచకూడదని. ఆవిడకూ తెలుసని ఆవిడ పోయాక నర్సు చెప్పింది.

* * *

కట్టు వేయించుకుని ఇంటికి వచ్చారు. దొర గుడ్డ పరుపు మీద పడుకుని, కట్టును నాకుతోంది. కోడలు గిన్నె నిండా మేత పోసి దాని ముందు పెట్టింది.

బాల్కనీ గోడ మీద టపటపా చప్పుడు. తల ఎత్తింది.

పావురాలు. ఏడో ఎనిమిదో. బలిసిన మెడలు, భయం లేని కళ్ళు. గిన్నె నేలకు తగిలిన చప్పుడుకు వచ్చి వరసగా కూర్చున్నాయి. మామగారి కుర్చీ వైపే చూస్తున్నాయి.

కోడలు ఒక గింజ తీసి బాల్కనీలో పడేసింది. మొదటి పావురం దాన్ని ఠక్కున మింగింది. అలవాటైన తిండిని మింగినట్టు.

ఆమె హాల్లోకి వచ్చింది. ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ చేయని పని చేయబోతోంది.

"నేను సగమే పెడుతున్నాను," అంది. "డాక్టరమ్మ చెప్పినప్పట్నుంచీ. మేత సగం, మిగతాది ఉత్త అన్నం."

కొడుకు టీవీ ఆపేశాడు.

"ఎందుకే?"

"ఎందుకేంటండీ? ఏటా యూనిఫారాలు కుట్టేదాన్ని. ఇంట్లో సరిగ్గా తిండిలేని పిల్లలకు కిందటేడు కొలతలే సరిపోతాయి. వీడు కూడా అలాగే ఆగిపోతాడనుకున్నా. పదిహేను లోపల ఆగితే చాలనుకున్నా. మామయ్యగారు మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళిపోతారేమోనని..."

మామగారు ఆమె వైపు చూడటం లేదు. బాల్కనీ వైపు చూస్తున్నాడు.

"మామయ్యగారూ. పావురాలకి మీరేనా?"

ఆయన కళ్ళజోడు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"నువ్వు నిండుగా పెడుతున్నావనుకున్నానమ్మాయ్," అన్నాడు. "గిన్నె నిండుగానే కనపడేది. నువ్వు అటు వెళ్ళగానే ఇన్ని తీసి అటు విసిరేవాణ్ణి. వాడు నా మొహంలోకే చూసేవాడు. మొరిగేవాడు కాదు. నేనేదో ఆట ఆడుతున్నాననుకుని తోక ఊపేవాడు."

"నాన్నా!"

"అరవకు. మీ చేత ఆ పాపం ఎందుకు చేయించాలని నేనే చేశాను. మీరిద్దరూ వాణ్ణి చూసి మురిసిపోతుంటారు కదా."

కొడుకు లేచి నిలబడ్డాడు.

"నువ్వేం పెద్దమనిషివి కాదు, కూర్చో," అన్నాడు మామగారు. కొడుకు మొహం చూడగానే ఆయనకు అర్థమైపోయింది. "నువ్వేం తీసేశావురా?"

"పొడి."

"ఏ పొడి?"

"ఆవిడిచ్చిన ఖనిజాల పొడి. పొద్దున కలిపేది నేనే కదా. ఒక్కరోజు కూడా కలపలేదు. ఎముక పెరిగితేనే కదా బరువు పెరుగుతుంది... ఫ్రేము చిన్నదైతే లోడు తగ్గుతుందని..."

"వాడు లిఫ్టు కాదురా!"

"తెలుసు నాన్నా."

"ఏం తెలుసురా నీకు? ఏం తెలుసు?"

కేకలకు దొర లేచింది. కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ ముగ్గురి మధ్యకూ వచ్చి, ఎవరి దగ్గరికి వెళ్ళాలో తేల్చుకోలేక నేల మీద కూలబడింది.

* * *

కోడలు ఒక్కతే వెళ్ళి డాక్టరమ్మకు అంతా చెప్పింది. తిడుతుందనుకుంది. ఆవిడ తిట్టలేదు. అదే కష్టంగా ఉంది.

"తిండి తగ్గిస్తే కుక్క చిన్నదైపోదమ్మా. ఎంత పెరగాలన్నది పుట్టుకతోనే చాలావరకూ తేలిపోతుంది. తగ్గిస్తే ఆలస్యంగా పెరుగుతుంది, అంతే. పెరిగేటప్పుడు ఎముకలో సత్తువ ఉండదు కాబట్టి వంకరగా పెరుగుతుంది."

"ఇప్పట్నుంచి బాగా పెడితే?"

"విరిగింది అతుక్కుంటుంది. బలం వస్తుంది. వంగినవి మాత్రం పూర్తిగా తిన్నగా అవ్వవు. మెట్లు ఎక్కించకండి, దించకండి. ఇంక ఎప్పటికీ."

"బరువు?"

"నేను ముందు చెప్పిందే. ఇరవైకి అటూ ఇటూ."

ఆ రోజు నుంచి ముగ్గురూ ఒకరి ఎదుట ఒకరు మేత కొలిచారు. పొడి కలిపారు. పావురాలు కొన్నాళ్ళు వచ్చి, చూసి, వేరే బాల్కనీ వెతుక్కున్నాయి. దొర ఆబగా తింది, గిన్నెను గోడ దాకా నెట్టుకుంటూ నాకింది. నడుము గట్టిపడింది, బొచ్చుకు మెరుపు వచ్చింది. ముందుకాళ్ళు మాత్రం రెండు బ్రాకెట్లలా బయటికి వంగిపోయాయి. నడిస్తే ఒళ్ళంతా పడవలా ఊగేది. ఇల్లు దాటలేకపోయేది.

మామగారు మెట్లు దిగడం మానేశాడు. "వాడు లేకుండా ఏం దిగుతాన్లే," అన్నాడు మొదట్లో. తర్వాత అనడం కూడా మానేశాడు. గడ్డం మళ్ళీ పెరిగింది. దొర ఆయన మంచం పక్కనే పడుకునేది. ఇద్దరికీ టిఫిను లోపలికే వెళ్ళేది.

* * *

తూకం రోజు కొడుకు దొరను భుజాన వేసుకుని కిందికి దించాడు. వెనక కోడలు. ఆ వెనక, రెయిలింగ్ పట్టుకుని, మామగారు. బతిమాలితే వచ్చాడు.

పార్కింగులో పది పన్నెండు మంది పోగయ్యారు. కమిటీ సెక్రటరీ ఎవరి కొట్లోంచో పెద్ద తూకం తెప్పించాడు. దొర దాని మీద నిలబడలేక జారింది. రెండోసారి కొడుకు పట్టుకున్నాడు. పట్టుకుంటే బరువు సరిగ్గా రాదని ఎవరో అన్నారు. వదిలేశాడు. దొర వంకరకాళ్ళు బార్లా చాపి, బోర్లా పడుకుంది.

పద్దెనిమిదిన్నర.

కోడలు కళ్ళు మూసుకుంది. ముగ్గురూ కలిసి వాడి ఎముకలు తీసుకున్నారు, కాళ్ళు తీసుకున్నారు. బరువు మాత్రం పదిహేనుకు దిగలేదు.

సెక్రటరీ దొర చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కాళ్ళు చూశాడు. తల పంకించాడు.

"రూలు రూలే అనుకోండి. కానీ ఆ రూలు ఎందుకు పెట్టుకున్నాం? ఎవర్నీ పడగొట్టకూడదని. ఇది నిలబడటమే కష్టంగా ఉంటే ఎవర్ని పడగొడుతుందండీ? ఉండనిద్దాం. ఏమంటారు?"

అందరూ ఔనన్నారు. అప్పట్లో మెట్ల మీద పడిపోయిన పిల్లాడి తల్లి కూడా ఔనంది.

"ఇంకొకరైతే ఇలాంటిదాన్ని ఎప్పుడో రోడ్డు మీద వదిలేసేవాళ్ళు," అందావిడ. "మీరు గనక సాకుతున్నారు."

"ఆ మాట నిజం," అన్నాడు సెక్రటరీ. "మనసున్న కుటుంబం. చప్పట్లు కొట్టండయ్యా."

కొట్టారు. చప్పట్లు వినగానే దొర తోక ఊపింది. అందరి వైపూ.

"మేమే," అన్నాడు మామగారు.

సెక్రటరీ చెవి దగ్గరగా పెట్టాడు. "ఏంటి బాబాయ్?"

"ఆ కాళ్ళు మేమే విరిచాం. ముగ్గురం కలిసి. తిండి పెట్టకుండా."

చప్పట్లు ఆగిపోయాయి. సెక్రటరీ కొడుకు వైపు చూశాడు. నిజమేనా అన్నట్టు కాదు, పాపం పెద్దాయన అన్నట్టు. కొడుకు నోరు తెరిచాడు. కోడలు అతని మోచేయి గట్టిగా నొక్కింది. అతను నోరు మూసుకుని, వంగి, దొరను రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"మేమేనయ్యా," అన్నాడు మామగారు మళ్ళీ, ఈసారి ఎవరి వైపూ చూడకుండా.

"సరే బాబాయ్, సరే," అంటూ సెక్రటరీ ఆయన భుజం తట్టాడు. "ఎండగా ఉంది. పైకెళ్ళి కాసేపు పడుకోండి."