బామ్మర్ది సీసా

బస్సు డ్రైవరుకి షుగరున్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలుసు, డిపోకు తెలియదు. తెలిస్తే స్టీరింగు లాక్కుని ఏ షెడ్డులోనో కూర్చోబెడతారని ఆయన భయం. అందుకే ఏటా వైద్య పరీక్ష రోజున బామ్మర్దిని వెంటబెట్టుకెళ్లేవాడు. బేకరీలో పిండి కలిపే బామ్మర్ది గుండ్రాయిలా ఉంటాడు. డిపో మరుగుదొడ్లో మూత్రం సీసా నింపేది అతను, నర్సు చేతికిచ్చేది బావ. బయటికొచ్చి ఇద్దరూ టీ తాగుతూ, అందరి కళ్లూ కప్పామని పకపకా నవ్వుకునేవాళ్లు. ఏడవాల్సిన చోట నవ్వడమంటే అదే.

మూత్రంలో నురగ కనిపిస్తే మరుగుదొడ్డి కడిగే పొడి మీద నెపం పెట్టాడు. సాయంత్రానికి పాదాలుబ్బి బూట్లు పట్టకపోతే బూట్లమ్మినవాణ్ణి తిట్టిపోశాడు. చివరికి మొహం కూడా ఉబ్బి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం రావడంతో భార్య ఊరుకోలేదు. చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్లింది. బామ్మర్ది తోడొచ్చాడు.

పరీక్షలన్నీ చూసి డాక్టరు నుదురు రుద్దుకున్నాడు.

"కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి. కంటి లోపలి నరాలు పాడైన తీరు చూస్తే ఇది షుగరు వల్లే అనిపిస్తోంది. కానీ మీరు తెచ్చిన నిరుటి డిపో పరీక్ష కాగితంలో మూత్రంలో ప్రొటీను చుక్క కూడా లేదని ఉంది. షుగరు ఏడాదిలో ఇంత పాడు చెయ్యదు. వేరే జబ్బేదో ఉండాలి. వీపులోంచి సూది వేసి కిడ్నీ ముక్క తీసి చూడాలి."

డ్రైవరు లెక్క వేసుకున్నాడు. చెబితే స్టీరింగు పోతుంది. చెప్పకపోతే లేని జబ్బు కోసం వీపులో సూది దిగుతుంది. బామ్మర్ది వైపు చూశాడు. అతను నేల చూపులు చూస్తున్నాడు.

"అది నాది కాదండీ."

"ఏది?"

"డిపోలో ఇచ్చింది. ఏటా వీడిదే ఇచ్చాను."

డాక్టరు కలం కింద పెట్టేశాడు.

"అయితే ఇంకేం వెతకక్కర్లేదు, ఇది షుగరు చేసిన పనే. ముందు ప్రొటీను కొంచెం కొంచెంగా కారిపోతుంది. నొప్పుండదు, మనిషికి తెలీదు. దాన్ని పట్టుకోవడానికే ఆ సీసా అడిగేది. అప్పుడే దొరికుంటే మందులతో చాలా ఏళ్లు నెట్టుకొచ్చేవాళ్లం. ఇప్పుడిక డయాలసిస్‌కి సిద్ధపడాలి. లేదా ఇంట్లోవాళ్లెవరైనా కిడ్నీ ఇవ్వాలి."

వరండాలోకి వచ్చాక డ్రైవరుకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఏ స్టీరింగు కోసం ఇదంతా చేశాడో అదీ పోయింది, ఒళ్లూ పోయింది.

బామ్మర్ది కళ్లు తుడుచుకుని దగ్గరికొచ్చాడు. "బావా, నువ్వేం దిగులుపడకు. కావాలంటే నా..."

మాట పూర్తికాకముందే అక్క అతని నోరు అరచేత్తో మూసేసింది.

"చాల్లేరా. ఇన్నేళ్లూ నువ్విచ్చిందే ఈయన్ని ఇక్కడికి తెచ్చింది. ఇక ఏమీ ఇవ్వకు."

ఆ మాట తమ్ముడితోనే అంది. మొగుడి మొహం మాత్రం చూడలేదు.