కర్ర మీద పన్నెండో కోడి

పొద్దు వాలగానే దర్జీ వాళ్ల అక్క పెరట్లోకి వెళ్లి గింజలు చల్లుతుంది. పన్నెండు కోళ్లూ తిని, తోసుకుంటూ, తిట్టుకుంటూ గూట్లోకెళ్లి కర్రెక్కుతాయి. ఆవిడ లెక్కపెట్టి తలుపేస్తుంది. మొగుడు పోయి తమ్ముడింటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ పని ఆవిడదే.

ఆ ఇంటి సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. కర్ర మీద కోడికి చోటు చాలకపోతే, ఇంట్లో ఎవరో ఒకరికి చోటు చాలదు. వాళ్ల నాన్నకి అలాగే అయింది. మొదటి రోజు కుర్చీ ఇరుకైంది, రెండో రోజు మంచం. మూడో రోజు బజారు నుంచి వచ్చిన మనిషి గుమ్మంలో పట్టలేదు. కాసేపు నిలబడి, ఎటో వెళ్లిపోయాడు.

మొన్న పాత గూడు పుచ్చిపోతే దర్జీయే కొత్తది కట్టాడు. వడ్రంగిని పిలవమంటే వింటేగా! మెడలో టేపు తీసి, ఒక్కో కోడినీ పట్టుకుని ఈ రెక్క నుంచి ఆ రెక్క దాకా కొలిచాడు.

"ఏవండీ, జాకెట్లు కుడతారా వాటికి?" అంది భార్య.

"నవ్వు, నవ్వు. ముప్పై ఏళ్లలో బెత్తెడు గుడ్డ వృథా చేసినవాణ్ని కాను."

కొలతలన్నీ కూడి అంతే కర్ర కోశాడు. ఆ కర్ర పట్టేంతే గూడు కట్టాడు. పాపం, పగటి కోడిని కొలిచాడు. పడుకునే వేళకి కోడి ఈకలు ఉబ్బించుకుని ఒకటిన్నర కోడి అవుతుందని ఆయనకేం తెలుసు?

ఆ సాయంత్రం పదకొండు కూర్చున్నాయి. పన్నెండోది మూడుసార్లు ఎగిరి, మూడుసార్లూ జారి, నేల మీద నిలబడిపోయింది.

అక్క లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. చేతులు రెండు పక్కలా ఒరుసుకున్నాయి. "కుర్చీ ఇరుకైందర్రా," అంది.

భార్య చేయి కంచంలోనే ఆగిపోయింది.

మర్నాడు దర్జీ కింద ఇంకో కర్ర బిగించాడు. పైన పదకొండు కూర్చుంటే కింద కూర్చోడానికి ఏ కోడి ఒప్పుకుంటుంది? ఎక్కిందాన్ని తోసి ఇంకోటి ఎక్కింది, అంతే. ఆ రాత్రి అక్క మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని పడుకుంది.

"ఒక కోడిని కోసేద్దాం వదినా," అంది భార్య తెల్లారగానే.

"నాన్నప్పుడు అమ్మ అదే చేసింది. కోడి మెడ తెగడం, గుమ్మం బిగుసుకోవడం ఒకేసారి."

అక్క బట్టలు మూట కట్టుకుంది. పొద్దు వాలాక గింజలు చల్లి, గూటి తలుపు తీసే ఉంచి వెనక్కొచ్చింది. గుమ్మం రెండు భుజాలూ పట్టేసుకుంది. పక్కకి తిరిగింది. అయినా పట్టలేదు.

"ఒరేయ్ తమ్ముడూ, ఆ మూట ఇటు అందించరా," అంది మెల్లగా.

దర్జీ అందించలేదు. బట్టలు కుట్టే కొట్టుగదిలోకి పరిగెత్తాడు. కోళ్లగూడు ఆ గది వెనక గోడకే ఆనుకుని ఉంది. కుట్టిన బట్టలు వేలాడదీసే పొడుగు కర్రని ఒక్క గుంజు గుంజాడు. జనాల చొక్కాలన్నీ నేలపాలు. గునపం తీసుకుని గోడ పొడిచాడు. భార్య చేత్తో ఇటుకలు లాగింది, గోళ్లు విరిగాయి. కోళ్లు గోల పెట్టాయి. పొట్టి కర్ర పీకేసి పొడుగుదాన్ని దూర్చాడు: సగం గూట్లో, సగం కుట్టుమిషను మీద.

వెలుగు పోతోంది. పెరట్లోంచి అక్క గొంతు: "ఎనిమిది... పది... పదకొండు..."

ఎంతసేపటికీ పన్నెండు వినబడలేదు.

నేల మీది కోడి ఎగిరింది. మిగతావాటి వీపుల మీదుగా నడిచి, గోడ కన్నం దాటి, కుట్టుమిషనుకి పైన కర్ర మీద కూర్చుని ఒళ్లంతా ఉబ్బించుకుంది.

"వచ్చింది, అక్కా!"

ఆవిడ గుమ్మం దాటింది. ఎక్కడా తగల్లేదు. వెళ్లి కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ తడిమి చూసుకుంది.

"గోడకంత కన్నం పెట్టావు, చలికాలం ఎలారా?"

"ముగ్గురం కలిసే వణుకుదాంలే," అన్నాడు దర్జీ.