ఏటవాలు అయస్కాంతాలు

"ఇవాళ సెలవు పెట్టెయ్. మా అక్కావాళ్ళు మధ్యాహ్నానికి దిగుతారట," అన్నాడు భర్త, ఆమె అప్పుడే ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కా తొడుక్కుంటూ.

"ఇవాళ కుదరదండీ. మా జనరేటర్ చూడ్డానికి కొనేవాళ్ళు వస్తున్నారు."

"అయితే? నువ్వెళ్ళకపోతే అది తిరగదా?"

ఆమె ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసింది. మూడేళ్ళ పని అది. గేర్లేవీ లేకుండా నేరుగా గాలిమర రెక్కలకే బిగించే జనరేటర్. రెక్కలు ఎంత మెల్లగా తిరిగినా కరెంటు పుట్టాలి. మొదటి నమూనా సన్నగాలికి కదిలితే ఒట్టు. చక్రం మీది అయస్కాంతాలు ఎదురుగా ఉన్న ఇనుప పళ్ళను ఉడుంపట్టు పట్టేసేవి. వాటిని నిటారుగా కాక కాస్త ఏటవాలుగా అంటిస్తే ఆ పట్టు సడలుతుందని లెక్క కట్టింది తనే. ఎంత వాలన్నది తేల్చడానికే ఏడాది పట్టింది. ఇంట్లో కాగితాలు ముందేసుకుంటే అత్తగారు, "అవెక్కడికీ పోవులే అమ్మాయ్, ముందు పొయ్యి సంగతి చూడు," అనేది. ఫ్యాక్టరీలో మేనేజరైతే "ఇవి అయస్కాంతాలా, ఎంబ్రాయిడరీనా అమ్మా?" అని పగలబడి నవ్వాడు. నెల తిరక్కుండా చక్రం తిరిగింది. డ్రాయింగులో 'డిజైన్' అన్న గడిలోకి ఆయన పేరెక్కింది. ఆమె పేరు ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

"తిరగదు," అంది పైకే.

"ఇంత పొగరు ఎప్పట్నుంచీ?"

ఎప్పట్నుంచో ఆమెకూ తెలియదు. బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగింది.

షెడ్డులోకి అడుగుపెట్టగానే మేనేజర్ కాఫీ ట్రే చేతికిచ్చాడు. "నువ్వే ఇవ్వమ్మా. ఆడవాళ్ళ చేత్తో ఇస్తే ఆ అందమే వేరు."

ఇచ్చింది. కొండప్రాంతాలకు గాలిమరలు కొనే పెద్దాయన కప్పు పక్కన పెట్టేసి జనరేటర్ చక్రాన్ని ఒక్క వేలితో నెట్టాడు. కుదుపన్నది లేకుండా తిరిగింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. పక్కన విప్పి ఉంచిన మరో చక్రం మీదికి వంగాడు.

"ఈ వాలు ఇంతే ఉండాలని ఎలా తేల్చారండీ?"

మేనేజర్ గొంతు సవరించుకున్నాడు. "అదీ... అంతా అనుభవం సార్. ఇలాంటి చిన్న చిన్న వివరాలు మా అమ్మాయి చెప్తుంది. చెప్పమ్మా."

చిన్న చిన్న వివరాలు. ఎప్పట్లాగే చెప్పేయొచ్చు. ఇవాళ తను చెప్పింది రేపు ఇంకో షెడ్డులో మేనేజర్ నోట ఆయన మాటై వినిపిస్తుంది, అక్కడా తను ట్రే పట్టుకుని నిలబడుతుంది. ఆమె ట్రేని పనిముట్ల బల్లమీద పెట్టింది. డ్రాయింగు పరిచి, ఆ గడి మీద వేలుంచి, మేనేజర్ చేతికి పెన్నిచ్చింది.

"ముందు ఇది దిద్దండి సార్. తర్వాత చెప్తాను."

"ఇప్పుడా? అందరి ముందూనా?"

"అందరి ముందే కదా సార్ చెప్పమన్నారు."

పెద్దాయన ఇద్దర్నీ చూశాడు, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నాకేం తొందర లేదు."

మేనేజర్ చెవులు ఎర్రబడ్డాయి. తన పేరు కొట్టేసి, పైన ఆమె పేరు రాయబోతూ తలెత్తాడు.

"ఇంటిపేరు మీవారిదేగా?"

"ఈ లెక్క ఆయన కట్టలేదు సార్," అంది. "నేను పుట్టినప్పుడు నాకున్నది రాయండి."