ఒకటో నంబరు గాలం

బుచ్చిరాములు గాలాలు లెక్కపెడుతున్నాడు. తుమ్మలకుంట గేటు పక్కన రేకుల గదిలో, గోడకు ఆనించి నిలబెట్టిన వెదురు గడలు, ప్లాస్టిక్ గడలు, చక్రం తిప్పే ఖరీదైన గాలాలు రెండు, చీపురుపుల్లకు దారం కట్టిన బీద గాలం ఒకటి. ప్రతిదాని నడుముకూ ఒక అట్టముక్క, దాని మీద నంబరు. మొత్తం నలభై ఆరు. నిన్నా నలభై ఆరే. మూడేళ్ళుగా ఆరింటికి డ్యూటీ ఎక్కగానే అతను చేసే మొదటి పని ఇది.

ఒకటో నంబరు దగ్గర మాత్రం చెయ్యి కాస్త ఆగుతుంది. ఎనిమిదడుగుల వెదురు గడ. పట్టుకునే చోట ఏళ్ళ తరబడి చెమట తగిలి నల్లగా నున్నబడింది. దారానికి బెండుగా పాత హవాయి చెప్పు ముక్క, నీలం రంగుది. చెంగిచెర్ల ఇంకా ఊరుగా ఉన్న రోజుల్లో అక్కడి పొదలో కోసి తెచ్చుకున్న గడ అది. రిజిస్టరులో మొదటి పేజీ, మొదటి వరుస చూస్తే సంగతి తెలుస్తుంది. పట్టుబడిన వ్యక్తి: బుచ్చిరాములు. పట్టుకున్న వ్యక్తి: బుచ్చిరాములు.

ఇందులో వేళాకోళం ఏమీ లేదు. ప్రభుత్వం కుంటను రక్షిత ప్రాంతమని ప్రకటించి, చుట్టూ కంచె కట్టి, అతన్ని కాపలాకు పెట్టుకున్న రోజున ఆఫీసువాళ్ళు ఒకటే చెప్పారు: లోపల గాలం కనబడితే ఎవరిదైనా సరే, లాక్కుని రాసెయ్యమని. ఆ పొద్దున అతను అలవాటుకొద్దీ తన గాలాన్ని సైకిలుకు కట్టుకునే వచ్చాడు. గేటు దాటాక చూసుకున్నాడు. కనబడింది. రాసేశాడు. ఈ ముచ్చట నాచారం బస్తీలో ఆరు నెలలు నడిచింది. నడిపింది అతని భార్య వెంకటనర్సమ్మే.

అంతకుముందు ఇరవయ్యారేళ్ళు అతను నాచారంలో ఒక సబ్బుల కంపెనీలో, సబ్బులకు కాగితం చుట్టే మిషను దగ్గర నిలబడ్డాడు. ప్రమోషను రాలేదు, మెమో కూడా రాలేదు. ఏడుగురు సూపర్‌వైజర్లు మారితే ఆరుగురు అతని పేరు బుచ్చయ్య అనుకునే వెళ్ళిపోయారు. కానీ ఆదివారాలు ఈ గట్టు మీద అతను పెద్దమనిషి. బెండు కదిలే తీరు చూసి కింద ఉన్నది జెల్లో బొచ్చో చెప్పేవాడు. కంపెనీ మూసేసిన రోజు కూడా అతను అంతగా బాధపడలేదు. మరునాడు ఆదివారం.

గది తలుపు వేసి గట్టు మీదికి నడిచాడు. గట్టెక్కితే చాలు, మెడలోని విజిల్ పళ్ళ మధ్యకు చేరుతుంది. పెద్ద బండ దగ్గర నీళ్ళు ఒక్కసారి బుడుంగుమన్నాయి. అది పటేలు. ఏడేళ్ళుగా ఇక్కడే ఉంటున్న కొర్రమీనుకు అతను పెట్టుకున్న పేరు. గాలి పీల్చుకోవడానికి పైకి వచ్చి పోతుంది. మూడుసార్లు అతని దారం తెంపింది. నాలుగోసారి ప్రయత్నించేలోపు అతనికి దాన్ని కాపాడే ఉద్యోగం వచ్చింది.

ఈ రోజు మృగశిర కార్తె. ఈ వైపు చేప ఉడకని ఇల్లు ఉండదు. పైగా బుచ్చిరాములుకు ఇదే ఆఖరి డ్యూటీ. అరవై నిండాయి. రేపటి నుంచి అతని బదులు కెమెరా.

బయలుదేరేటప్పుడు వెంకటనర్సమ్మ చింతపండు నానబెడుతూ అంది, "రేపటి సంది ఇంట్లనే గూసుంటవు. చేతిల గాలం లేకపోతే పొద్దంత నాతోని కొట్లాట బెట్టుకుంటవు. నీ గాలం నువ్వు అడిగి తెచ్చుకో."

"ఇస్తరో లేదో."

"ఎందుకియ్యరు? అన్నోజిగూడ అవతల కంచె లేని కుంటలున్నయట. ఆయితారం ఆయితారం ఆడికి వో."

ఆ మాట అతని మనసులో బాగా నాటుకుంది. కొత్త గడ కొనుక్కోవచ్చు. కానీ చేతికి తెలిసిన గడ ఆ ఒక్కటే. అది లేకుండా ఆదివారాలు ఎలా గడుస్తాయో అతనికి తోచలేదు. మూడు రోజులు కూర్చుని రాసిన అర్జీ జేబులో ఉంది.

ఏడింటికి జనార్ధనరావు గారు వచ్చారు. రిటైరైన సైంటిస్టు. తొమ్మిదేళ్ళు కాగితాలు పెట్టి ఈ కుంటకు రక్షణ తెప్పించింది ఆయనే. మెడలో దుర్భిణి.

"నీటికోళ్ళు పదకొండు, బుచ్చిరాములూ," అని, వెళ్ళకుండా నిలబడ్డారు. "మా ఆవిడ ఛాయాదేవికి ఉబ్బసం. మృగశిర నాడు కొర్రమీను తింటే మంచిదంటారు. శాస్త్రీయంగా ఆధారమేమీ లేదనుకో. అయినా ఇక్కడిదైతే..."

"సార్, చేపలు పట్టొద్దని గేటు కాడ బోర్డు మీరు పెట్టిపిచ్చిందే."

"నాకు తెలియకేం. ఊరికే సమాచారం కోసం అడిగాను."

"జల్ది వోతే ఉప్పల్ మార్కెట్ల బతికినయి దొర్కుతయి సార్."

ఆయన దుర్భిణి సర్దుకుని, రోజూ రెండు చుట్లు తిరిగేవారు కాస్తా ఒక్క చుట్టుతో వెళ్ళిపోయారు.

పదింటికి కంచె దగ్గర చప్పుడైంది. పోశయ్య. సబ్బుల కంపెనీలో పక్క మిషను, గట్టు మీద పక్క బండ. ఒక కాలు లోపల, ఒక కాలు బయట, లుంగీ ముళ్ళకు తగులుకుని కదల్లేక ఉన్నాడు.

"బావా, ఇప్పుడు నేను లోపటున్ననా, బయటున్ననా?"

"సగం."

"అయితే సగమే రాసుకో."

"నువ్వు సగమే. గాలం మొత్తం లోపటున్నది."

"ఆఖరి రోజన్న ఇడ్శిపెట్టరాదే?"

బుచ్చిరాములు కంచె దగ్గర వంగాడు. లుంగీ చిరగకుండా ఒక్కో ముల్లూ తప్పించాడు. గాలం తీసుకున్నాడు. నలభై ఏడు. తర్వాత ఫ్లాస్కులోని టీ ఇద్దరూ తాగారు.

"నీ గాలాన్నే ఇడ్వనోనివి," అన్నాడు పోశయ్య మూతి తుడుచుకుంటూ, "నాది ఇడుస్తవని ఎట్లనుకున్ననో."

నాలుగింటికి ఆఫీసు నుంచి శశిధర్ వచ్చాడు. కుర్ర అధికారి. కెమెరా బిగించే పని చూసుకుని, బుచ్చిరాములుకు ఒక శాలువా కప్పి, మిఠాయి డబ్బా చేతికిచ్చాడు. బుచ్చిరాములు అర్జీ ఇచ్చాడు.

"ఇది మీ గాలమేనని రుజువేమిటి?"

"రిజిస్టర్ల నా పేరుంది సార్."

"పట్టుకున్నదీ మీరేగా. చూసిన సాక్షి ఎవరు?"

"నేనే సార్."

శశిధర్ నవ్వాపుకోలేక సంతకం పెట్టేశాడు. "తీసుకెళ్ళండి పెద్దాయనా. ఆరింటికి తాళాలు వేసి, చెవులు కిటికీలోంచి గదిలో పడేసి వెళ్ళండి. కెమెరా రేపు మొదలవుతుంది."

జీపు వెళ్ళిపోయింది. బుచ్చిరాములు ఒకటో నంబరు గాలాన్ని బయటికి తెచ్చి, రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. బరువు మారలేదు. చెప్పలేనంత సంతోషం వేసింది. ఊరికే ఒకసారి గట్టు మీద నడిచి వద్దామనుకున్నాడు.

పెద్ద బండ దగ్గర ఆగాడు. కెమెరా రేపటిది. మనుషులు లేరు. ఇంట్లో చింతపండు నానుతోంది. తడి మట్టిలో రాయి ఎత్తిందీ, వానపామును తీసి కొక్కేనికి గుచ్చిందీ చేతులే తప్ప అతను కాదు. అప్పుడు పటేలు పైకి తేలింది. ఒక్కటే కాదు. దాని వీపు మీద నీళ్ళు ఎర్రగా కదిలాయి. గుప్పెడు పిల్లలు. పిల్లలతో ఉన్న కొర్రమీను దగ్గరికి ఏది వచ్చినా మీద పడి కరుస్తుంది. ఇప్పుడు వేస్తే తప్పే ప్రసక్తి లేదు. ఏడేళ్ళ కోరిక. అతను గడను వెనక్కి ఎత్తాడు.

విజిల్ మోగింది.

కొంగలు లేచాయి. బుచ్చిరాములు గతుక్కుమని నలుదిక్కులా చూశాడు. ఎవరూ లేరు. విజిల్ తన పళ్ళ మధ్యే ఉంది, ఊదింది తనే. మళ్ళీ నీటివైపు చూసేసరికి పటేలూ లేదు, పిల్లలూ లేవు.

ముందు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత బండ మీద కూలబడి, ఒక్కడే, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ఆ నీళ్ళలో నవ్వువి ఎన్నో, ఆదివారాలవి ఎన్నో అతనికే తెలియలేదు. వానపామును కొక్కెం నుంచి తీసి మట్టిలో పెట్టాడు.

గదిలోకి వచ్చి రిజిస్టరు తెరిచాడు. నలభై ఎనిమిది. పట్టుబడిన వ్యక్తి, పట్టుకున్న వ్యక్తి. రెండు చోట్లా నిదానంగా, గుండ్రంగా పేరు రాశాడు. కొత్త అట్టముక్క కట్టి, గాలాన్ని గోడకు ఆనించాడు. తాళం వేశాడు. చెవులు కిటికీలోంచి జారవిడిచాడు. లోపల ఎక్కడో టంగుమంది.

సైకిలెక్కబోతుంటే ఫోను. "గాలం దొరికిందా?" అంది వెంకటనర్సమ్మ.

"దొరికింది. మల్ల గుంజుకున్నరు."

"ఎవరు?"

"వాచ్‌మన్."

ఆమె గొంతు మెత్తబడింది. "పోనీయ్. ఉప్పల్ మీదికెళ్ళి రా. చేప బతికిందే సూసి తే."

శాలువా మడిచి క్యారియర్‌కు పెట్టుకుని, బుచ్చిరాములు వెనక్కి చూడకుండా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాడు. మెడలో విజిల్ ఇంకా ఊగుతూనే ఉంది.

గదిలో, నలభై ఆరు గాలాల మధ్య, నడుముకు రెండు అట్టముక్కలు కట్టుకుని ఒక వెదురు గడ నిలబడి ఉంది. దాని నీలం చెప్పుముక్క మూడేళ్ళుగా తడవలేదు, ఆ రోజు కూడా తడవలేదు.