నాటని ఏడో రాయి

ఆరో రాయి దగ్గర కాలిబాట ఆగిపోయింది. అక్కణ్ణుంచి పైకి అంతా చిట్టడవే. సర్వేయరు కత్తితో ముళ్లకంప కొట్టుకుంటూ ముందు నడుస్తోంది. వెనకాల ఊతకర్ర పట్టుకుని, పదడుగులకోసారి ఆగుతూ ముసలి చైన్‌మాన్ వస్తున్నాడు. ముప్పై రెండేళ్ల కిందట ఆమె తండ్రి ఇదే కొండ కొలిచినప్పుడు గొలుసు పట్టింది అతనే. అతని భుజాలెక్కి ఆడుకున్న చనువుతో ఆమె ఇప్పటికీ బాబాయ్ అనే పిలుస్తుంది.

ఈ వాలు మీద పదకొండు కుటుంబాలు ఇళ్లు కట్టుకుని ఉండేవి. హద్దు దాటి అడవిలోకి వచ్చారని రెండేళ్ల కిందట ఆ ఇళ్లు కూల్చేశారు. వాళ్లు కోర్టుకెక్కారు. పాత హద్దురాళ్లు ఎక్కడున్నాయో చూసి చెప్పమని కోర్టు అంది. ఆ పని ఈమె నెత్తిన పడింది. మ్యాపు మీద సంతకం మా నాన్నదండీ, ఇంకొకరిని పంపండి అని పై అధికారిని అడిగితే, అయితే మరీ మంచిది, అనుమానమొస్తే ఇంట్లోనే అడగొచ్చు అని ఆయన నవ్వేశాడు.

ఆఫీసులో తండ్రి పేరు చెబితే ఇప్పటికీ లేచి నిలబడేవాళ్లున్నారు. కొత్తగా చేరినవాళ్లకు ఆయన ఫీల్డుబుక్కు చూపించి, రాస్తే ఇలా రాయాలంటారు. 'ముందు రాయి పాతు, ఆ తర్వాతే రాయి' అనేది ఆయన పాత జోకు.

ఆరు రాళ్లూ చెప్పినచోటే, జానెడు తేడా లేకుండా దొరికాయి. హద్దు ఉత్తర్వు ప్రకారం ఏడోది శిఖరం మీద ఉండాలి. చైన్‌మాన్ పొద్దుటి నుంచీ గునుస్తూనే ఉన్నాడు. మోకాళ్లన్నాడు, మబ్బు పట్టిందన్నాడు, రేపొద్దామన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

మ్యాపు చెప్పిన చోటికి చేరి తలెత్తి చూస్తే శిఖరం ఇంకా రెండు వందల మీటర్లు పైన ఉంది. చేతిలోని జీపీఎస్ యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టింది. అదే చోటు చూపించింది. పార తీసుకుని తవ్వడం మొదలుపెట్టింది. రాయిని ఎవరైనా పీకేసినా దాని కింద గుర్తుగా వేసే బొగ్గులు ఎన్నేళ్లయినా మిగులుతాయి. మోకాలి లోతు తవ్వినా ఒక్క బొగ్గుముక్క కనిపించలేదు. ఎవరి చెయ్యీ పడని ఎర్రమట్టి. ఇంకా పైకెళ్లి శిఖరం మీదా వెతికింది. అక్కడా ఏమీ లేదు.

ఆమె దిగి వచ్చేసరికి చైన్‌మాన్ గోతి పక్కన కూలబడి ఉన్నాడు.

"ఎంత తవ్వినా అంతే తల్లీ. మేం ఇక్కడిదాకా రాలేదు."

ఆపైన నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పేశాడు. మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. ఆమె తండ్రికి ఒళ్లు కాలిపోయే జ్వరం. మ్యాపు ఇవ్వడానికి గడువు మర్నాడే. గుడారంలో దుప్పటి కప్పుకుని కూర్చుని, ఆరో రాయి నుంచి అంచనాగా గీత లాగేశాడు. మోసుకొచ్చిన రాయిని చైన్‌మాన్, కూలీలు కలిసి వాగులో పడేశారు. ఇళ్లు కూల్చిన రోజు, ఈ సంగతి చెప్పేద్దామని చైన్‌మాన్ అక్కడిదాకా వెళ్లాడట. చెప్పకుండానే వెనక్కొచ్చేశాడట.

"ఆ రాయి చూపించు బాబాయ్" అందామె.

వాగులో నాచు పట్టి, పక్కకు ఒరిగి ఉంది. అరచేత్తో రుద్దితే ఏడు అంకె బయటపడింది. ఫోటోలు తీసింది.

"దొరకలేదని రాసెయ్యమ్మా. అది అబద్ధం కూడా కాదు. రాళ్లు పోవడం కొత్తేం కాదుగా" అన్నాడతను. ఆమె ఆ రాయి మీదే కూర్చుంది. ఆ తర్వాత పుస్తకం తీసి, ఏడో రాయి నాటలేదు అని రాసింది.

సాయంత్రం ఇంటికెళ్లి తండ్రి ఎదుట కూర్చుంది. ఆయన పేపరు మడిచి, రాళ్లన్నీ దొరికాయా అని అడిగాడు.

"ఏడోది వాగులో ఉంది నాన్నా."

"వాడు చెప్పాడా?"

"నేనే చూశాను. రిపోర్టులో రాస్తున్నాను."

ఆయన లేచి లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. తొమ్మిది రోజులు కూతురితో మాట్లాడలేదు. పదో రోజు ఆమె ఆఫీసుకు బయల్దేరుతుంటే గుమ్మం దగ్గరికొచ్చాడు.

"శిఖరం దాకా అంత కష్టమా ఎక్కడం?"

"ఆరో రాయి నుంచి గంటన్నర పట్టింది" అందామె.

గంటన్నరేనా అని గొణుక్కున్నాడు. ఆ రోజే తన చేత్తో జరిగిందంతా రాసి, సంతకం పెట్టి ఆమె చేతికిచ్చాడు. ఆఫీసులో ఆయన ఫీల్డుబుక్కు చూపించడం మానేశారు. చైన్‌మాన్ వాళ్లింటి వైపు రావడమే మానుకున్నాడు.

కొత్త గీత శిఖరం మీదుగా పోయింది; కూల్చిన ఇళ్లన్నీ హద్దుకు ఇవతలే ఉన్నాయని తేలింది. ఏడు కుటుంబాలు తిరిగొచ్చి గోడలు లేపుకుంటున్నాయి. నాలుగు కుటుంబాలు ఎటు పోయాయో ఎవరికీ తెలియదు. కూతురు ఆఫీసు నుంచి రాగానే ఆయన ముందుగా అడిగేది ఆ నాలుగు కుటుంబాల గురించే. ఆమె చెప్పులు విప్పుతూ లేదన్నట్టు తలూపుతుంది.