ఎడమ అద్దం

ఉదయం ఎనిమిది గంటలకు నా కార్డు సలహాల పెట్టెలో వేశాను. పది గంటలకు ఆ పెట్టె తెరుస్తారు. తెరిస్తే మా గది చూసే మనిషి ఉద్యోగం పోతుందని వేసేటప్పుడు నాకు తెలియదు. తెలిసినా వేసేవాణ్ణే.

ఓడలో అది ఏడో రోజు. మర్నాడు ఉదయం రేవు చేరి అందరం దిగిపోతాం. దిగే ముందు గదికొక కార్డు ఇస్తారు. పైన పదికి ఎన్ని మార్కులో వెయ్యాలి. కింద, ప్రయాణం ఇంకా బాగుండాలంటే ఏం చెయ్యాలో చెప్పమని నాలుగు గీతలు గీసి ఉంటాయి. నేను పదికి రెండు వేశాను. కింద ఇలా రాశాను: "గది చూసే మనిషి నా భార్య వస్తువు పాడుచేశాడు. చెప్పని వస్తువు ముట్టుకోకూడదని మీవాళ్ళకు నేర్పండి."

ముప్ఫై ఒక్క ఏళ్ళు తూనికల కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేశాను. ముల్లు ఎక్కడ ఆగితే అక్కడే రాశాను. వేలితో నెట్టలేదు, ఎవణ్ణీ నెట్టనివ్వలేదు.

ఈ ప్రయాణం నా భార్య కోరిక. సముద్రం మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూడాలంది. ఏ వైపూ నేల కనబడకూడదంది. ఏడాది ముందే నాలుగు టిక్కెట్లు తీసుకున్నాం. మాకు రెండు, ఆమె చెల్లెలికీ నా తోడల్లుడికీ రెండు. ఓడ ఎక్కడానికి నాలుగు నెలలుందనగా ఆమె పోయింది.

తర్వాత ఓడ కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. "మీ గదిలో ఇద్దరే కదా సార్?" అన్నారు. "ఇద్దరే" అన్నాను. ఓడ ఎక్కే గేటు దగ్గర యంత్రం నన్ను ఒక్కణ్ణే లెక్కపెట్టుకుంది. గది చూసే మనిషి చేతిలో కాగితం మాత్రం ముందే అచ్చయిపోయింది. అందులో ఇద్దరున్నారు.

"అమ్మగారు ఏరండీ?" అన్నాడు మొదటిరోజు. నలభై దాటిన మనిషి. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతాడు.

"బయట ఉంది" అన్నాను.

ఆ మాట అక్కడితో ఆగలేదు. రోజూ రెండు పక్కలు వేశాడు. తువ్వాళ్ళు మడిచి ఏనుగులు చేసి, నా మంచం మీద పెద్దదీ, ఆమె మంచం మీద చిన్నదీ పెట్టాడు. ఆ విద్య చూసి మా తోడల్లుడు అతనికి ఏనుగుల మేస్త్రి అని పేరు పెట్టాడు. "అమ్మగారు ఇవాళ కూడా బయటేనాండీ? పైన గాలి బాగుంటుంది లెండి" అనేవాడు మేస్త్రి. నేను ఔననేవాణ్ణి కాదు, కాదనేవాణ్ణి కాదు. ఆరు రోజులూ ఆ రెండో పక్క వేసి ఉండటం నాకు బాగుంది. అది కూడా నిజమే కాబట్టి రాస్తున్నాను.

రెండు మంచాల మధ్య చిన్న బల్ల. దాని మీద ఆమె కళ్ళజోడు పెట్టాను.

ఆమె కళ్ళజోడు తుడుచుకునేది కాదు. జారినప్పుడల్లా ఎడమ అద్దం మీద బొటనవేలు ఆనించి పైకి నెట్టుకునేది. ఆ వేలికి ఏ పిండి ఉందో, ఏ నూనె ఉందో చూసుకునేది కాదు. "ఆ మురికిలోంచి నీకేం కనబడుతుంది?" అని రోజూ అరిచేవాణ్ణి. "మీరు కాస్త మెత్తగా కనబడతారు" అనేది.

ఆసుపత్రివాళ్ళు చివర్లో ఇచ్చిన కవర్లో ఆ జోడు ఉంది. ఎడమ అద్దం మీద బొటనవేలి ముద్ర అలాగే ఉంది. వెలుతురుకు పెడితే గీతలు కూడా కనబడేవి. నాలుగు నెలలూ దాన్ని కాడలు పట్టుకునే ఎత్తాను. సంచిలో పెడితే రాసుకుపోతుందని విడిగా డబ్బాలో పెట్టి తెచ్చాను. సముద్రం చూపిద్దామనో ఏమో. నాకే సరిగ్గా తెలియదు.

ఆరో రోజు మధ్యాహ్నం గదిలోకి వస్తే జోడు తళతళలాడుతోంది. కింద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. పక్కన చీటీ. "అమ్మగారి కళ్ళజోడు మసకగా ఉంటే తుడిచానండీ."

కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. అద్దంలోంచి సముద్రం కనబడింది. ఇంకేమీ లేదు.

కార్డు పెట్టెలో వేసి ఫలహారానికి వెళ్ళాను. మరదలు, తోడల్లుడు అప్పటికే కూర్చుని ఉన్నారు. నలుగురి బల్ల అది. నాలుగో కుర్చీలో మరదలు తన చేతిసంచి పెట్టుకుంటుంది. మొదటిరోజు నుంచీ అంతే.

తోడల్లుడు కార్డు ముందు పెట్టుకుని పెన్ను కొరుకుతున్నాడు.

"పది వేశాను అన్నగారూ. సలహా ఏం రాయాలో తోచటం లేదు. ఈత కొలనులో నీళ్ళు ఉప్పగా ఉన్నాయని రాయనా?"

"అవి సముద్రం నీళ్ళు" అంది మరదలు.

"అందుకే, కాస్త మంచినీళ్ళు కలపమంటాను. చుట్టూ ఇంత నీళ్ళు పెట్టుకుని పిసినారితనమేంటి?"

"మీ కార్డు చదివి వాళ్ళు ఓడ ఆపేస్తారు. వెళ్ళి వేసి రండి."

"మేస్త్రి పేరు కూడా రాయాలి. పాపం, వాడికి ఇప్పటికే ఒక చెడ్డ కార్డు పడిందట. పోయిన వారం ఎవరావిడో, ఏనుగు తొండం బాత్రూం వైపు పెట్టాడని మూడు వేసిందట. ఇంకొకటి పడితే రేవులో దింపేస్తారట. మళ్ళీ ఏ ఓడా ఎక్కనివ్వరట. నాతో నవ్వుతూనే చెప్పాడు." తోడల్లుడు నా వైపు తిరిగాడు. "మీరు రాశారా అన్నగారూ?"

"రాశాను."

"ఎన్ని వేశారు?"

"రెండు."

మరదలు చెంచా కింద పెట్టింది. "రెండా? ఏం చేశాడు బావగారూ?"

"మీ అక్క కళ్ళజోడు తుడిచాడు."

ఆమెకు అర్థమైంది. కళ్ళు దించుకుంది. కాసేపటికి ఎత్తింది. ఆ కళ్ళలో జాలి లేదు.

"తుడుచుకోదని నలభై ఏళ్ళు దాన్ని తిట్టారు. ఇప్పుడు తుడిచాడని ఇతన్ని తిడుతున్నారు."

"నీకు అనవసరం."

"అనవసరమే. ఒక్కటి చెప్పండి. నిన్న మేస్త్రి నన్ను మెట్ల మీద ఆపి, పెద్దమ్మగారు అసలు కనబడరేమండీ అన్నాడు. నాకు అర్థంకాక ఊరుకున్నాను. అతనికి మీరేం చెప్పారు?"

"కాఫీ చల్లారిపోతోంది" అన్నాను.

"బావగారూ."

"తాగు."

తోడల్లుడు గడియారం చూశాడు. "తొమ్మిదే అయింది. ఇంకా గంట ఉంది. వెళ్ళి అడిగితే ఇచ్చేస్తారు అన్నగారూ."

"పెట్టెకు తాళం ఉంది."

"నోటికి లేదుగా?" అంది మరదలు.

నేను లేచి వచ్చేశాను.

పది గంటలకు కింది హాల్లో సమావేశం. గదుల మీద పెత్తనం చేసే సూపర్‌వైజరమ్మ పెట్టె తాళం తీసి కార్డులు చదివింది. లిఫ్టులో అద్దం తీసెయ్యండి, రోజూ లావవుతున్నట్టు కనబడుతోంది. తువ్వాలు పరిచి కుర్చీలు పట్టేసుకుని ఫలహారానికి పోయేవాళ్ళకు బుద్ధి చెప్పండి. పొద్దున్నే మైకులో అరవకండి, మేం సెలవు మీద వచ్చాం. ఓడ కాస్త ఊగకుండా నడపండి. దానికి హాలంతా నవ్వింది. తోడల్లుడి మంచినీళ్ళకు ఇంకా నవ్వింది. ఆవిడ తర్వాతి కార్డు తీసింది. చదవలేదు. మడిచి జేబులో పెట్టుకుంది. అది నాదని నాకు తెలుసు.

సమావేశం అయ్యాక నా దగ్గరికి వచ్చింది. "ఒక్క ఐదు నిమిషాలు రండి సార్" అంది.

హాలు పక్కన ఇరుకు గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు మైకు. మేస్త్రి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు. సగంలో ఆపేశాడు.

"వస్తువు పాడైందని రాశారు కాబట్టి ఇది సలహా కింద రాదండీ, ఫిర్యాదు అవుతుంది" అంది ఆవిడ. "ఇతనికి ఇది రెండోది. ఇప్పుడే తేల్చాలి. నిజమైతే రేపు మీతోపాటు ఇతనూ దిగిపోతాడు. ఏ వస్తువు సార్?"

"కళ్ళజోడు."

"పగిలిందా?"

"లేదు."

"గీతలు పడ్డాయా?"

"లేదు."

"మరేం చేశాడు?"

"తుడిచాడు."

ఆవిడ పెన్ను ఆగింది. మేస్త్రి గోడ వదిలి ముందుకొచ్చాడు.

"మసకగా ఉందమ్మా. అమ్మగారు ఇబ్బంది పడతారేమోనని మెత్తటి గుడ్డతోనే తుడిచాను. ఒట్టు. అమ్మగారికి కోపం వచ్చిందాండీ? ఆరు రోజుల్నుంచీ ఆవిడ నాకు ఒక్కసారీ ఎదురుపడలేదు. ఒక్కసారి పిలిపించండి. ఆవిడ కాళ్ళమీద పడతాను. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలండీ, నేను దిగిపోతే..."

"నువ్వుండు" అంది ఆవిడ. కాగితం నా వైపు తిప్పింది. "వస్తువు ఎవరిదైతే వాళ్ళ సంతకం కావాలి సార్. మీది చెల్లదు. అమ్మగారు ఎక్కడున్నారు?"

బయట ఉంది. నోటిదాకా వచ్చింది. ఏడు రోజులుగా అరిగిన మాట.

"సార్?"

నేను కాగితం ఆవిడ వైపు తిప్పాను.

"పైన ఎక్కడో ఉంటారండీ" అన్నాడు మేస్త్రి. నా తరఫున జవాబు చెబుతున్నాడు. "ఆవిడకి గాలంటే ఇష్టం."

"అయితే పిలిపిద్దాం." ఆవిడ కాగితం చూసి నా భార్య పేరు పైకి చదివింది. ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా చదివింది. నాలుగు నెలల్లో ఆ పేరు నా ముందు ఎవరూ పలకలేదు. నేను పలకనివ్వలేదు. ఆవిడ లేచి గోడకున్న మైకు చేతిలోకి తీసుకుంది. మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది. గరగరమని శబ్దం వచ్చింది. ఆ శబ్దం ఓడంతా వినబడుతుంది. గదుల్లో, మెట్ల మీద, పైన రెయిలింగు దగ్గర. మరదలు ఎక్కడుంటే అక్కడ వినబడుతుంది.

"ప్రయాణికులకు మనవి" అంది ఆవిడ.

"పిలవకండి."

ఆవిడ మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి చూసింది.

"ఆవిడ రాదు."

"ఎందుకు రారు సార్?"

"చనిపోయింది" అన్నాను. "ఓడ ఎక్కకముందే. నాలుగు నెలలైంది."

ఆవిడ మీట వదిలింది. ఎర్రదీపం ఆరింది. మేస్త్రి నా ముఖంలోకి చూశాడు, తర్వాత తన చేతులు చూసుకున్నాడు.

"రోజూ రెండు ఏనుగులు చేశానండీ" అన్నాడు.

"చేశావు."

"మీరు చూస్తూ ఊరుకున్నారండీ."

"ఊరుకున్నాను."

"ఆ మసక..." అన్నాడు. తర్వాత అడగలేదు. మూర్ఖుడు కాదు.

నేను కార్డు ఇమ్మన్నాను. చించడానికి కుదరదు, నంబరు ఉంటుంది, కావాలంటే కింద రాయొచ్చు అంది ఆవిడ. రెండు గీతలు మిగిలి ఉన్నాయి. మా ఊరి బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో రాశాను: "కళ్ళజోడు మసకగా ఉంది. తుడిచాడు. చెప్పాల్సింది నేను చెప్పలేదు."

"మార్కులు మారుస్తారా సార్?"

పని తూచాను. చెప్పకపోయినా మురికి చూశాడు. మెత్తటి గుడ్డ వాడాడు. చీటీ రాసి పెట్టాడు. తూకంలో ఎక్కడా తేడా లేదు. రెండు కొట్టేసి పది వేశాను, సంతకం పెట్టాను. క్షమించానని ఎక్కడా రాయలేదు. రాయడానికి గీతలు కూడా మిగల్లేదు.

హాల్లో మరదలు నిలబడి ఉంది. మైకులో నా గొంతు విని పరుగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"చెప్పారా?" అంది.

"చెప్పాను."

 మధ్యాహ్నం భోజనాల దగ్గర మరదలు నాలుగో కుర్చీలోంచి సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తోడల్లుడు ఏదో జోకు వెయ్యబోయి నీళ్ళు తాగాడు.

సాయంత్రం ఐదుకు మేస్త్రి తలుపు తట్టాడు. చంకలో దుప్పట్లు, భుజం మీద తువ్వాళ్ళు. లోపలికి రాలేదు.

"మీ రుణం..."

"దానికోసమైతే వెళ్ళు."

వెళ్ళలేదు. నా భుజం మీదుగా గదిలోకి చూశాడు. బల్ల మీద జోడు తళతళలాడుతోంది. రెండో మంచం మీద పక్కబట్టలు మధ్యాహ్నం తనే తీసినట్టున్నాడు, ఉత్త పరుపు కనబడుతోంది.

"ఇవాళ్టికి ఒక పక్కే వెయ్యమంటారాండీ?"

"నీ కాగితంలో ఎంతమంది?"

జేబులోంచి కాగితం తీసి చూశాడు. చూడక్కర్లేదు, అయినా చూశాడు.

"ఇద్దరండీ."

"కాగితం ప్రకారం చెయ్యి" అని నేను బయటికి వచ్చేశాను.